సారె కోసం సీమ మిఠాయిల వెంట: కర్నూలు నుంచి గువ్వలచెరువు దాకా

మా చెల్లెలి పెళ్లి నవంబర్ మూడో వారానికి ఖాయమయ్యాక ఇంట్లో పనులు పంచుకున్నాం. నగలు, చీరలు అమ్మవి. మండపం, వంటవాళ్ల సంగతి తమ్ముడిది. సారె స్వీట్లు నా నెత్తిన పడ్డాయి. పెళ్లికొడుకు వాళ్లది తణుకు. పూతరేకులు, మడత కాజాలు, బందరు లడ్లు చిన్నప్పటి నుంచి తింటూ పెరిగినవాళ్లు. అవే ఇక్కడ కొని, పెట్టెల్లో సర్ది, మళ్లీ వాళ్లకే పంపడమేమిటని మా మేనత్త మొదటి రోజే అడ్డం తిరిగింది.

“సీమ పిల్ల పోతాంది, సీమ తీపే పోవల్ల” అని తేల్చేసింది.

అనడం తేలికే. ఏ ఊళ్లో ఏది బాగుంటుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఎంత అడుగుతారు, ఇవేవీ నాకు తెలియవు. అత్తది అనంతపురం. దసరాకి కర్నూలు వచ్చి మా ఇంట్లోనే ఉంది. దీపావళి రద్దీ మొదలైతే ఏ షాపువాళ్లూ నిలబడి మాట్లాడరు కాబట్టి 2025 అక్టోబర్ రెండో వారాంతంలోనే తిరిగి రావాలనుకున్నాం. కర్నూలు, అనంతపురం, కడప, చివరగా గువ్వలచెరువు. సోమవారానికి నేను సెలవు పెట్టాను.

ఒక చిక్కు ఉంది. అత్తకి షుగర్. చాలా ఏళ్లుగా మాత్రల మీద ఉంది. మామ నాకు ఫోన్ చేసి, “నువ్వున్నావనే ధైర్యంతో పంపిస్తాండా పాపా, తినకుండా చూసుకో” అన్నాడు. షుగర్ చూసే మెషీన్ నా బ్యాగులో పెట్టించాడు. స్వీట్లు రుచి చూడడానికి బయల్దేరిన మనిషిని తినకుండా ఎలా ఆపాలో మాత్రం చెప్పలేదు. ప్రతి దాంట్లో గోరంత ముక్క అత్తకి, మిగతాది నాకు అని ఒప్పందం చేసుకున్నాం. అది నాకు ఎంత కష్టమో రెండో రోజుకి గానీ తెలియలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం సాయంత్రం కర్నూలులోనే మొదలుపెట్టాం. ముందు ఊళ్లో ఒక పెద్ద ఏసీ షాపుకి వెళ్లాం. సారె అనగానే సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫోన్‌లో ఫొటోలు చూపించారు. నెమలి ఆకారంలో పేర్చిన లడ్లు, బుల్లి పల్లకీలో కాజూ కత్లీ, అంజీర్ రోల్స్‌తో కట్టిన గోపురం. కిలో 520 నుంచి 1100 దాకా ఉన్నాయి. 20 కిలోలకి, అలంకరణతో కలిపి 24 వేలు అవుతుందన్నారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. అయితే వీటికోసం కర్నూలు దాకా రానక్కర్లేదు, ఏ సిటీలో అడిగినా ఇవే ఇస్తారు.

శాంపిల్‌గా పావు కిలో మైసూర్‌పాకు, పావు కిలో బాదుషా అడిగాను. తూచే అబ్బాయి అట్టపెట్టెతో సహా కాటా మీద పెట్టాడు. అత్త చూసింది.

“డబ్బా తీసి తూయి నాయనా. అట్టముక్కను గూడా మైసూర్‌పాకు రేటుకే అమ్ముతాండారే!”

ఖాళీ డబ్బా విడిగా పెట్టిస్తే 70 గ్రాములు తూగింది. పావు కిలోలో నాలుగో వంతుకి పైనే అట్ట. డబ్బా బరువు తీసేసి తూయాలన్నది తూనికలు కొలతల శాఖ నిబంధన. అడిగితే వెంటనే మార్చి తూచారు, ఏమీ వాదించలేదు. అడగకపోతే ఎవరూ మార్చరు. పండగ రోజుల్లో అడిగే తీరిక మనకీ ఉండదు.

అక్కడి నుంచి కొండారెడ్డి బురుజు మీదుగా పాతబస్తీ వైపు నడిచాం. ఆ సందుల్లో సాయంత్రం ఆరు దాటాక జిలేబీ బాండీలు పొయ్యెక్కుతాయి. ముందే వేసి పళ్లెంలో పేర్చినవి కాకుండా బాండీలోంచి తీసేవి కావాలంటే పావుగంట, ఇరవై నిమిషాలు నిలబడాలి. నిలబడ్డాం. పులిసిన పిండి కాబట్టి తీపి వెనక సన్నటి పులుపు తగులుతుంది. ఆ పులుపు లేని జిలేబీ నాకు నచ్చదు. 100 గ్రాములు 30 రూపాయలు. పొట్లం కట్టించుకొని ఇంటికి తీసుకెళ్తే మెత్తబడిపోతుంది, అక్కడే తినేయాలి.

ఒక బిర్యానీ హోటల్లో ఖుబానీ కా మీఠా కూడా తిన్నాం. ఎండు ఆప్రికాట్లను రాత్రంతా నానబెట్టి, చక్కెరతో మెత్తగా ఉడికిస్తారు. గింజ పగలగొట్టి లోపలి పప్పును పైన వేస్తారు. బాదం పప్పు అనుకుని తింటాం గానీ అది ఆ పండుదే. కప్పు 90. సారెకి పనికొచ్చేది కాదు, అయినా కర్నూలు వచ్చినవాళ్లు బిర్యానీ తిని ఇది తినకుండా లేచిపోతే నాకు బాధగా ఉంటుంది. చివర్లో తీపి తగ్గడానికని తలా ఒక నన్నారి సోడా తాగాం. నల్లమల నుంచి వచ్చే సుగంధి వేళ్లతో కాచిన పాకం, నిమ్మకాయ, సోడా. అదీ తీపే కదా అన్నాను. “అది మందు పాపా” అంది అత్త.

ఆ రాత్రి కొన్న శాంపిళ్లను స్టీలు డబ్బాల్లో పెట్టి, మీద తేదీ రాసి, ఫ్రిజ్ బయట ఉంచాం. ఇది అత్త ఐడియా. సారె పెట్టె తణుకు చేరి, చుట్టాలందరికీ పంచేసరికి వారమైనా పడుతుంది. ఆ వారం ఏది నిలుస్తుందో ఇంట్లోనే చూసుకోవాలి. దారిలో కొన్నవాటికీ ఇదే చేశాం.

శనివారం పొద్దున ఏడు లోపే అనంతపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. డబ్బు మిగిలింది గానీ సీటు దొరకలేదు. డోన్‌లో ఒకరు దిగితే అత్తకి ఇప్పించాను. నేను గుత్తి దాకా నిలబడే ఉన్నాను. సూపర్ లగ్జరీకి ఈ పథకం లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే డబ్బు పెట్టి దానిలోనే వెళ్లడం నయం. దాదాపు 150 కిలోమీటర్ల దూరానికి నాలుగు గంటలకి కాస్త తక్కువ పట్టింది.

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక ఓళిగల (బొబ్బట్ల) దుకాణానికి అత్త తీసుకెళ్లింది. దుకాణమంటే ముందు పెద్ద పెనం, వెనక ఇద్దరు ఆడవాళ్లు, అంతే. మైదా, చిరోటి రవ్వ కలిపిన ముద్ద నూనెలో మునిగి నానుతోంది. ఒకామె అందులోంచి నిమ్మకాయంత తుంచి, అరచేతిలో పల్చగా చేసి, మధ్యలో దానికంటే పెద్ద పూర్ణం ఉండ పెట్టి మూసేస్తుంది. ఆకు మీద వేసి వేళ్ల కొసలతో తడుతూ తిప్పుతుంటే రొట్టె వెడల్పవుతుంది, లోపలి పూర్ణం రంగు పైకి కనిపిస్తుంది, అయినా ఎక్కడా చిరగదు. ఆకు పెనం మీద బోర్లించి ఒక్క క్షణం ఆగి లాగేస్తుంది. రెండోవైపు తిప్పాక నెయ్యి.

పప్పు ఓళిగ 25, కొబ్బరిది 30. ఖర్జూరం, క్యారెట్, పైనాపిల్ కూడా రాసి ఉన్నాయి. పైనాపిల్ ఓళిగ తిన్నాను, దాని గురించి చెప్పడానికేమీ లేదు. పప్పు ఓళిగని వేడి పాలలో తుంచి వేసుకుని తింటే మాత్రం వేరే సంగతి. మామిడిపండ్ల కాలంలో ఆ పండ్ల గుజ్జుతో చేసే సీకరణతో తింటారు మా అత్త వాళ్లింట్లో. పప్పు ఉడికించిన కట్టుతో ఆ రోజు చారు కూడా పెడతారు. ఓళిగల రోజున అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఆ చారు గిన్నే.

సారెకి 100 కావాలని అడిగాను. దుకాణం నడిపే ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పప్పుది రెండో రోజుకే పులుస్తుందమ్మా. కొబ్బరిది నాలుగు రోజులుంటాది గానీ గట్టిపడుతుంది. దూరం పోయే సారెలోకి నేనియ్యను. మీకు చెడ్డపేరు, నాకు చెడ్డపేరు.”

వచ్చిన బేరం వదులుకునే మనిషిని చూసి ఆశ్చర్యపోయాను. బదులుగా ఆయనే ఒక దారి చెప్పాడు. పెళ్లిలో రాత్రి భోజనాల దగ్గర పెనం పెడితే, ఇద్దరు మనుషుల్ని పంపిస్తాడట. కనీసం 300 ఓళిగలు చేయించుకోవాలి, రానుపోను చార్జీలు మనవే, గ్యాసు పొయ్యి మండపం వాళ్లు ఇవ్వాలి. ముహూర్తాలున్న నెలలైతే నెల ముందే తేదీ చెప్పి ఉంచాలి. అప్పటికప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి 400 ఓళిగలకి 2000 అడ్వాన్స్ ఇచ్చాం.

మధ్యాహ్నం పాతూరు. అత్రాసలు, కర్జికాయలు ఇంట్లో చేసి ఇచ్చే ఒకామె ఉందని అత్తకి తెలుసు. బోర్డు లేదు, ఫోన్ నంబర్ నోటి మాటగానే తిరుగుతుంది. మేం వెళ్లేసరికి ఎవరిదో సీమంతానికి అత్రాసలు వేస్తోంది. “వదినా, ఈ వాయి అయ్యేదాకా మాట్లాడలేను, కూచోండి” అని పీటలు చూపించింది. వాయి తర్వాత వాయి, గంటన్నర కూర్చున్నాం. నా ఈ తిరుగుడు మొత్తంలో బాగా గుర్తున్నది ఆ గంటన్నరే.

బియ్యం ముందు రోజే నానేస్తుంది. నీళ్లు వార్చి, గుడ్డ మీద ఆరబోసి, చేతికి తడి తగులుతుండగానే మరకి పంపాలి. పొడి బియ్యం పిండితో అత్రాస రాదు. మరలో ముందు ఎవరైనా మిరపకాయలో, రాగులో ఆడించి ఉంటే పని చెడినట్టే, అందుకని పొద్దున్నే మర తెరవగానే మొదటి మనిషి తనే. పాకం దగ్గర మాత్రం ఎవరితోనూ మాట్లాడదు. పక్కన గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని, పాకం చుక్క అందులో వేసి వేళ్లతో నొక్కి చూస్తుంది. నీళ్లలో కరిగిపోతే ఇంకా కావాలి. మెత్తటి ఉండ కడితే వెంటనే దించాలి. ఇంకొక్క నిమిషం ఆగితే అత్రాస రాయి అవుతుంది, ముందే దించితే నూనెలో విడిపోతుంది. దించాక పిండి, నువ్వులు, యాలకుల పొడి పోసి, ఒకరు పట్టుకుంటే ఒకరు తిప్పాలి. నాకూ తెడ్డు ఇచ్చింది. ఐదారు తిప్పులకే భుజం పట్టేసింది, నవ్వుకుంటూ వెనక్కి తీసేసుకుంది.

నూనెలో వేసిన అత్రాస మొదట అడుక్కి పోతుంది. తర్వాత ఒక అంచు లేస్తుంది, ఆ వెంటనే మొత్తం తేలి పొంగుతుంది. అప్పుడు చిల్లుల గరిటెతో తీసి, ఇంకో గరిటె పైన పెట్టి గట్టిగా అదుముతుంది. నూనె ధారగా కారుతుంది. “ఇది సరిగ్గా ఒత్తకపోతే వారానికి కంపు కొడతాది” అంది. మొదటి వాయిలోది ఒకటి తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండోది మాకు విరిచి ఇచ్చింది. అంచు కరకరలాడింది, మధ్యలో ఇంకా మెత్తగా, బెల్లం వేడి తగ్గకుండా ఉంది. అత్త తన గోరంత ముక్క తిని, నా చేతిలో ఉన్నదాంట్లో సగం కూడా తీసుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

బేరం ఇలా కుదిరింది. అత్రాస ఒక్కోటి 15, కర్జికాయ 12, రెండూ 251 చొప్పున. బెల్లం తనే తెచ్చుకుంటానంది, హిందూపురం మార్కెట్ బెల్లమే వాడుతుందట. వేరే బెల్లం మనం తెచ్చిస్తే పాకానికి తన పూచీ లేదు. కర్జికాయలో పప్పుల పొడి, ఎండు కొబ్బరి, బెల్లం. చక్కెర వేస్తే ఇంకా తెల్లగా, అందంగా ఉంటాయి కదా అన్నాను. “అందానికైతే షాపులో కొనుక్కో పాపా” అంది. సగం డబ్బు అడ్వాన్స్. మూడు వారాల కంటే తక్కువ గడువుంటే ఒప్పుకోదు. ఇంకో మాట కూడా ముందే చెప్పింది: నాలుగు రోజులు ముసురు పడితే బియ్యం ఆరవు, అప్పుడు ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, ఫోన్ చేసి అరవకూడదు. మా నాన్న అలా అరుస్తాడని అత్తకి తెలుసు కాబట్టి నంబర్ నాది ఇచ్చాం.

వేరుశనగ జిల్లాకి వచ్చి శనగ ఉంటలు తీసుకోకుండా ఎలా పోతాం? బజారులో రెండు మూడు చోట్ల చూసి, గింజ పొట్టు తీసి దోరగా వేయించినవి ఎంచుకున్నాం. కిలో 220. వీటి గురించి టెన్షన్ అక్కర్లేదు, గాలి తగలకపోతే నెలైనా ఉంటాయి.

శనివారం సాయంత్రానికి నాకు తీపి అంటే విసుగొచ్చేసింది. అందరూ నవ్వుతారు గానీ నిజంగానే నాలుక మొద్దుబారుతుంది. మధ్యాహ్నం దాకా బెల్లంలో తేడా చెప్పగలిగిన నాకు, సాయంత్రానికి అన్నీ ఒకేలా అనిపించాయి. మంచినీళ్లతో పోలేదు. అత్త ఇంటికి వెళ్లగానే మామ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించాడు, అప్పటికి ప్రాణం లేచి వచ్చింది. ఇలా రుచి చూడడానికి తిరిగేవాళ్లు పొద్దున పూటే ముఖ్యమైనవి చూసుకోవాలి. సంచిలో కాసిని కారం బొరుగులు పెట్టుకోవాలి.

ఆదివారం పొద్దున పరగడుపున అత్త షుగర్ 214. అంతకు ముందు వారం 150 దగ్గర ఉండేది. మెషీన్‌లో నంబర్ చూసి నాకు చేతులు చల్లబడ్డాయి. ఆమె మాత్రం “బజ్జీ వల్ల” అంది. ఇంక కడపకి రావద్దు, ఇక్కడే ఆగిపో అన్నాను. వినలేదు. మామ ఎదురుగా గట్టిగా మాట్లాడలేను. చివరికి కోవా దగ్గర వాసన మాత్రమే చూస్తుందని ఒట్టు వేయించుకుని బస్సెక్కాం. ఆ ఒట్టుని నేనేమీ నమ్మలేదు.

తాడిపత్రి మీదుగా కడప చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఏడు రోడ్ల దగ్గర ఒక లాడ్జిలో దిగాం, డబుల్ రూము 900. కడప షాపుల్లో సాయంత్రమంతా తిరిగినా కొత్తగా తీసుకోవాలనిపించింది ఏమీ కనపడలేదు. అది కడప తప్పు కాదు, నా నాలుక తప్పు కావచ్చు. రాత్రికి కారం దోశ తిన్నాం. అత్త దేవుని కడపకి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఉగాది రోజున ఆ గుడికి ముస్లింలు కూడా వచ్చి కొబ్బరికాయలు కొడతారు, చిన్నప్పుడు ఒకసారి చూశానని దారంతా చెప్పింది.

అక్టోబర్ 13, సోమవారం పొద్దున ఆరింటికి రాయచోటి బస్సు. ఘాట్‌లో లారీలు పాకుతుంటాయి కాబట్టి దగ్గరే అయినా గంట దాకా పట్టింది. ఘాట్ ఎక్కాక గువ్వలచెరువు. రోడ్డుకి రెండు వైపులా కోవా దుకాణాలే, ప్రతి బోర్డు మీదా అసలైన పాలకోవా తమదే అని ఉంటుంది. ఏది అసలైనదని కండక్టర్‌ని అడిగితే, “పొయ్యి యాడ మండుతాందో ఆడ కూచో” అన్నాడు. ఇంతకంటే మంచి సలహా నాకు ఆ వారాంతంలో ఇంకెవరూ ఇవ్వలేదు.

పొగ కనిపించిన చోటికి వెళ్లాం. దుకాణం వెనక రేకుల షెడ్డు, కట్టెల పొయ్యిలు, వాటి మీద వెడల్పాటి ఇనుప బాండీలు. తెల్లవారుజామునే చుట్టుపక్కల పల్లెల నుంచి పాలు వచ్చాయి. ఒక బాండీ పక్కన పాతికేళ్ల అబ్బాయి పొడుగాటి తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. పాలు పొంగే దాకా పెద్ద మంట, తర్వాత కట్టెలు వెనక్కి లాగుతాడు. తెడ్డు ఆగదు. అడుగు గీకుతూ, అంచుల్లో కట్టిన మీగడని లోపలికి తోస్తూ తిప్పుతూనే ఉంటాడు. ఒక్కసారి అడుగంటితే బాండీ మొత్తం మాడు వాసనే. చెమట బాండీలో పడకుండా భుజం మీది తువ్వాలుతో తుడుచుకోవడం కూడా ఎడమ చేత్తోనే, కుడి చెయ్యి తెడ్డు మీదే.

పాలు రవ్వరవ్వగా అవుతున్నప్పుడు చక్కెర పోశాడు. గట్టిపడుతున్నది కాస్తా మళ్లీ పల్చబడింది. నాకు అర్థం కాలేదు. చక్కెర కరిగి నీరవుతుందని, ఆ నీరు మళ్లీ ఇగిరేదాకా తిప్పాలని చెప్పాడు. ఆ రెండోసారి ఇగరడంలోనే రంగు తిరుగుతుంది. తెలుపు పోయి, లేత గోధుమ రంగు వచ్చి, అంచులు వదిలి ముద్ద తెడ్డుకి అంటుకుని కదలడం మొదలైంది. మేం కూర్చున్నప్పటి నుంచి గంటంబావు. నాలుగైదు లీటర్ల పాలకి కిలో కోవా వస్తుందట. తట్టలోకి దించాక ఆకు ముక్కలో కాస్త పెట్టి ఇచ్చాడు. నాలుక మీద ముందు పొగ తగిలింది, తర్వాత పాలు, చివర్లో చక్కెర. షాపుల్లో ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చే కోవాలో ఈ పొగ ఉండదు.

అత్త వాసన చూసింది. తర్వాత ఒట్టు సంగతి ఎత్తకుండా చెయ్యి చాచింది. నేను కాదనలేదు, నా చేతిలోదే కాస్త పెట్టాను. అబ్బాయి నవ్వి, “షుగరా అక్కా? మా నాయనకీ ఉండాది. రోజూ పొయ్యి కాడనే ఉంటాడు, రోజూ తింటాడు” అన్నాడు. అత్తకి కావాల్సిన మాట దొరికింది.

కోవా కిలో 380. వేడిగా ఉన్నప్పుడు డబ్బా మూత పెట్టకూడదు. ఆవిరి లోపలే చెమర్చి మర్నాటికే పులిసిపోతుంది. పూర్తిగా చల్లారాక మూత పెడితే బయట నాలుగు రోజులు. పెద్ద ఆర్డర్ అయినా అడ్వాన్స్ అడగలేదు, ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తే చాలన్నాడు. కర్నూలు దాకా పార్సిల్ పంపుతావా అంటే వద్దన్నాడు: పొద్దున చేసింది పొద్దున్నే మనిషి వచ్చి తీసుకుపోవాలి. రాయచోటిలో ఉండే మా చిన్నాన్న కొడుకు ఎలాగూ చెల్లెలి పెళ్లికి కారులో ఇదే దారిన వస్తాడు. ఆ పని వాడికి అప్పగించాం.

కర్నూలు వచ్చాక డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి చూశాం. పెద్ద షాపు మైసూర్‌పాకు నాలుగో రోజుకే డాల్డా వాసన కొట్టింది, కిలో 640 పెట్టి కొన్నది. అత్రాసలు పదో రోజున మొదటి రోజు కంటే బాగున్నాయి. కర్జికాయలు సరే. కోవా నాలుగో రోజు సాయంత్రానికి కాస్త పుల్లబడింది, అబ్బాయి చెప్పిన లెక్క సరిగ్గా సరిపోయింది. మంత్రాలయం పరిమళ ప్రసాదం కూడా పెడదామని నాన్న అన్నాడు. అది ప్రసాదం, సారెలో కలపకూడదని అత్త ఒప్పుకోలేదు. ఆ పొట్లాలు విడిగా ఇచ్చాం.

నవంబర్‌లో అత్రాసలు చెప్పిన తేదీకే అందాయి, ముసురు పడలేదు. తమ్ముడు అనంతపురం వెళ్లి తెచ్చాడు. కోవా 12 కిలోలు గువ్వలచెరువులో పొద్దున ఆరున్నరకి ఎక్కితే మధ్యాహ్నానికి కర్నూలు చేరింది. మూతలు తీసే ఉంచమన్నామని కారులో పిల్లలు కిలో దాకా ఖాళీ చేశారు. సారెలో బేసి సంఖ్య ఉండాలి కాబట్టి అత్రాసలు, కర్జికాయలు, శనగ ఉంటలు, కోవా, ఐదోది మండపం వంటాయన చేసిన బూందీ లడ్డు. లడ్డు కాక, బుట్టలు, డబ్బాలతో కలిపి 15 వేలు అయింది. తణుకులో కోవా ఆ రోజు సాయంత్రానికే అయిపోయిందని చెల్లెలు ఫోన్ చేసింది. అత్రాసలు చూసి పెళ్లికొడుకు నాయనమ్మ, “ఇవి మా అరిసెలేగా, కాస్త నువ్వులు ఎక్కువేశారు” అన్నారట. ఆ మాట అత్తకి ఇంకా చెప్పలేదు.

పెళ్లి రాత్రి ఓళిగల పెనం దగ్గర పెట్టిన వరస అన్నం బల్లల దాకా సాగింది. 400 ఓళిగలు తొమ్మిదిన్నరకే అయిపోయాయి. మగపెళ్లివాళ్లు రెండోసారి వచ్చి నిలబడ్డారు, ఇంకో 200 చెప్పి ఉండాల్సిందని తమ్ముడు గొణిగాడు. పూర్ణం కాస్త మిగిలితే ఆ ఇద్దరు ఆడవాళ్లు ఉండలు చేసి పిల్లలకి పంచారు. లెక్క చూసి మిగతా 8000 ఇచ్చాం. రానుపోను చార్జీలు ఎంతయ్యాయని అడిగితే పెద్దామె రెండు సున్నా టికెట్లు చూపించి, ఆటోకి 240 మాత్రం తీసుకుంది.